ఏడు పేరుబిళ్ళలు

సోమవారం పొద్దున పదిన్నరకి నీలిమ నాలుగో నంబరు కంప్యూటరు ముందు కూర్చుని, మౌసు మీంచి చెయ్యి తీసేసి, మనసులో అయిదు లెక్కపెట్టింది. తర్వాత కదిపింది. తెరమీది బాణం కదల్లేదు. బల్లకేసి రుద్దింది, ఎత్తి కుదేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. విసుగొచ్చి ఒక్క నొక్కు నొక్కేసరికి బాణం నిద్రలోంచి లేచినట్టు లేచింది. లేస్తూనే ఎదురుగా ఉన్న మాదిరి ప్రశ్నకి ఏదో ఒక జవాబు తనంతట తనే పెట్టేసింది.

"అయిపోయాం," అంది నీలిమ పైకే.

పరీక్ష రాసేవాడు ప్రశ్న చదువుతూ రెండు క్షణాలు చెయ్యి తీస్తాడు కదా. మళ్ళీ ముట్టుకుంటే వాడికి తెలియకుండానే తప్పు జవాబు పడిపోతుంది. పన్నెండు యంత్రాలదీ అదే వరస. అది చాలదన్నట్టు ఒకటి నుంచి ఏడు దాకా తెరలు కూడా చెడ్డాయి. అక్షరాలు అడ్డంగా ఉబ్బిపోయి, పరీక్ష పేజీ అడుగుభాగం తెర బయటికి పోయింది. 'సబ్మిట్' మీట ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి.

భిలాయ్ సెక్టర్ 4 మార్కెట్లో మందులషాపు మేడమీద ఉంది రాజా కంప్యూటర్స్. ఏడేళ్ళుగా నీలిమ అక్కడ అసిస్టెంటు. తాళం తీసేది తనే, దుమ్ము దులిపేది తనే, పిల్లలకి టైపింగు నేర్పేది తనే. పరీక్షలు నడిపే సంస్థవాళ్ళు దొంగ విండోసు ఉన్న యంత్రాలమీద పరీక్ష కుదరదు, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోండన్నారు. బుధవారం పదకొండింటికి రాయ్‌పూర్ నుంచి తనిఖీకి మనిషి వస్తున్నాడు. పాసైతే సెంటరుకి అనుమతి, ఫారంలో ఇన్‌ఛార్జి అని ఒక పేరు. ఓనరు రాజాబాబు శనివారమే తేల్చి చెప్పేశాడు. "ఇన్‌ఛార్జి ఒక్కరే. నువ్వో, ఆ లినక్స్ వేసే సతీశో బుధవారం చూస్తాను. రెండోవాళ్ళతో నాకు పనిలేదు."

ఏడేళ్ళు పనిచేసిన మనిషితో ఇలా మాట్లాడొచ్చా అంటే, రాజాబాబు మాట్లాడతాడు. నీలిమ తల ఊపింది. ముప్పై మూడేళ్ళు వచ్చాయి, ఈ ఊళ్ళో ఇంకో ల్యాబు వెతుక్కోవడం మాటలు కాదని తనకి తెలుసు.

రాజాబాబు వచ్చి చూసి, ఏం చెయ్యాలో చెప్పమని చెడ్డ తెరల ఫొటోలు పరీక్ష సంస్థకి పంపి, సతీశ్‌ని రమ్మని ఫోను చేశాడు. పన్నెండున్నరకి సతీశ్ వచ్చాడు. చరోదా రైల్వే కాలనీ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని మెట్లు ఎక్కుతూనే ఆయాసపడ్డాడు. ఆదివారమంతా కూర్చుని పన్నెండింటికీ లినక్స్ వేసినవాడు అతనే. రాజాబాబు కూర్చోమని కూడా అనలేదు.

"ఏటయ్యా ఇది? లినక్సా, సర్కసా?"

సతీశ్ మౌసు పట్టుకుని చూశాడు. మొహం చిన్నబోయింది. "ఇది... ఇది నాదే అయ్యుంటుంది సార్. బిజిలీ, అదే కరెంటు, ఆదా చేసే ప్రోగ్రాం ఒకటి వేశాను, లాప్‌టాప్‌లకి వేసేది. అదే మౌసుని నిద్రపుచ్చుతుంది. గంటలో తీసేస్తాను."

"మరి తెరల సంగతేమిటి?"

"తెరల తప్పు నాది కాదు సార్, ఒట్టు. కసమ్‌సే. నేను వేసినప్పుడు పన్నెండూ బరోబర్ ఉన్నాయి."

రాజాబాబు నీలిమ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇతని పనేనా?"

నీలిమ మనసులో లెక్కవేసుకుంది. మౌసు ఇతని తప్పేనని ఇతనే ఒప్పుకున్నాడు. శనివారం సాయంత్రం దాకా తెరలు బాగున్నాయి, ఆదివారం ఇతను తప్ప ఎవరూ ముట్టలేదు. ఇంకేం చూడాలి? చూడకుండా చెప్పడం తప్పని లోపల ఎక్కడో అనిపించింది. అనిపించినా, ఫారంలో ఆ ఖాళీ గడి కళ్ళముందు కదిలింది.

"అవును సార్. రెండూ ఆయన చేసిందే," అంది.

"దీదీ, ఒక్కసారి చూడనివ్వండి. ఏక్ ఘంటా," అన్నాడు సతీశ్ ఆమెతోనే, ఓనరుతో కాదు.

నీలిమ చేతిలోని గుడ్డతో అక్కర్లేని బల్ల తుడవడం మొదలుపెట్టింది. రాజాబాబు అప్పటికే ఫోను తీశాడు. దుర్గ్, భిలాయ్, కుమ్హారి సెంటర్లవాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో సతీశ్ పేరు పెట్టి, ఇతనికి పని ఇస్తే మీ యంత్రాలు మీకు దక్కవు అని హిందీలో నొక్కి పంపేశాడు. పంపినట్టు సతీశ్‌కే చూపించాడు కూడా. సతీశ్ ఫోను జేబులో టింగుమంది. అతనూ ఆ గ్రూపులో ఉన్నాడు. తీసి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఇన్‌ఛార్జి మేడంగారూ," అన్నాడు రాజాబాబు నవ్వుతూ, ఫారంలో ఆమె పేరు రాస్తూ. "బుధవారం నాటికి పన్నెండూ వెలగాలి మరి."

మంగళవారం పొద్దున్నే ముందు మౌసు సంగతి పట్టుకుంది నీలిమ. సతీశ్ చెప్పిన ప్రోగ్రాం తీసేసింది. అది తియ్యగానే అంతా సర్దుకుంటుందనుకుంది గాని, సర్దుకోలేదు. యంత్రం ఆపి, వెలిగించి, అయిదు లెక్కపెట్టి కదిపితే మళ్ళీ నిద్రే. నెట్లో వెతికి, ఎవరో ఎక్కడో పడ్డ ఇదే బాధ చదివి, యంత్రం మొదలయ్యేటప్పుడే 'ఏ మౌసునీ నిద్రపుచ్చకు' అని చెప్పే ఒక్క వరస సెట్టింగుల ఫైల్లో చేర్చింది. ఆపి వెలిగించింది. అయిదు కాదు, యాభై లెక్కపెట్టింది. కదిపితే బాణం చక్కగా పరిగెత్తింది. ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసింది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. మిగిలిన పదకొండింటికీ అదే వరస కొట్టుకుంటూ పోయింది, మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పడం కూడా మరిచిపోయింది.

తెరలు మాత్రం మొండికేశాయి. తెర కొలత ఇదీ అని చేత్తో రాసి బలవంతాన నిలబెడితే నిలబడింది. హమ్మయ్య అనుకునేలోపు పరీక్ష ప్రోగ్రాం తెరిస్తే, అది మళ్ళీ తన కొలత తనే వెతుక్కుని అక్షరాలని ఉబ్బించేసింది. నాలుగుసార్లు రాసింది, నాలుగుసార్లూ అదే పాట. మూడు దాటింది. రేపు ఈ పాటికి తనిఖీ అయిపోయి ఉంటుంది.

అప్పుడిక తిట్టుకోవడం మానేసి, ఇంట్లో నాన్న ఫ్యాను బాగుచేసే పద్ధతి పట్టుకుంది. అనుమానం ఉన్నదాన్నీ బాగున్నదాన్నీ మార్చి చూడటం. మూడో నంబరు మానిటరు తీసి తొమ్మిదో బల్ల తీగకి తగిలించింది. తొమ్మిదిలో చక్కగా వెలిగింది. అంటే మానిటరు తప్పు కాదు. మూడో నంబరు సీపీయూ డబ్బాని మోసుకెళ్ళి తొమ్మిదో బల్లమీద పెట్టి, అక్కడి తీగ తగిలించింది. అదీ చక్కగా వెలిగింది. అంటే డబ్బా తప్పూ కాదు, అందులో సతీశ్ వేసిన లినక్స్ తప్పూ కాదు.

ఇక మిగిలింది ఒక్కటే, మానిటరుకీ డబ్బాకీ మధ్య ఉండే తీగ.

మూడో బల్ల కిందికి దూరి, గోడవైపు చెయ్యి పోనిచ్చి, తీగ చివర స్క్రూలు తడుముతూ విప్పుతుంటే వేలికి చల్లగా ఏదో తగిలింది. రూపాయిబిళ్ళంత అల్యూమినియం రేకు. దాన్ని తీగకి కట్టిన రాగితీగ రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి నొక్కేసి ఉంది, తర్వాత చెయ్యిపెట్టేవాడికి గుచ్చుకోకుండా. వెలుతురులోకి లాగి చూడకముందే నీలిమకి తెలిసిపోయింది. ఈ లోకంలో అలా కొస నొక్కే మనిషి ఒక్కడే.

బిళ్ళమీద మేకుతో చుక్కలు చుక్కలుగా పొడిచిన 'ధ', దాని కింద కిందటేడు జూన్ తేదీ.

ధర్మయ్య. వాళ్ళ నాన్న. భిలాయ్ ఉక్కు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు ఎలక్ట్రీషియను. అక్కడ మోటారు బాగుచేసినవాడు తన పేరుబిళ్ళ దానికి కట్టాలి, రేపు ఏదైనా అయితే ఎవరిని అడగాలో తెలియాలి కదా. రిటైరయ్యాక కూడా ఆయన మిక్సీకి, ఇస్త్రీపెట్టెకి, పక్కింటి కూలరుకి కూడా బిళ్ళ కట్టందే ఇవ్వడు. వీధివీధంతా నవ్వుకుంటారు. కిందటేడు ల్యాబులో గోడకి సున్నం వేయించినప్పుడు కూలీలు బల్లలు ఈడ్చి తీగల చివర్లు విరగ్గొడితే, కొత్తవి ఎందుకు, మా నాన్న చేసిపెడతాడు అని ఇంటికి పట్టుకెళ్ళింది నీలిమే.

మోకాళ్ళమీద పాక్కుంటూ ఒక్కో బల్ల కిందికీ వెళ్ళింది. ఒకటికి ఉంది బిళ్ళ. రెండుకి ఉంది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, అన్నిటికీ ఉన్నాయి. ఎనిమిదికి లేదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా లేవు.

నేలమీదే కూలబడింది. ఆదివారం సతీశ్ ఏం చేసుంటాడో ఇప్పుడు కళ్ళకి కట్టినట్టుంది. డబ్బాలన్నీ ఒక్కొక్కటే ముందుబల్లకి తెచ్చుకుని, అక్కడున్న పన్నెండో నంబరు తీగకే తగిలించి చేసుకున్నాడు. పాపం, అందుకే అతనికి పన్నెండూ బాగా కనబడ్డాయి. చూడనివ్వండి దీదీ అన్నాడు. చూసుంటే గంటలో పట్టుకునేవాడు.

సిగ్గుతో చెవులు మండిపోయాయి. సిగ్గు వెనకే భయమూ వచ్చింది. ఈ బిళ్ళలు రాజాబాబు కంటబడితే? మీ నాన్న చెడగొట్టాడు, నువ్వు ఇంకొకడిమీద తోశావు అంటే ఏం చెబుతుంది? సొరుగులోంచి కత్తెర తీసింది. రాగితీగ గట్టిది, కత్తెర నొక్కుకుపోయింది గాని ఏడూ తెగాయి. బిళ్ళలు పర్సు లోపలి అరలో వేసి జిప్పు లాగేసింది.

కిందికి దిగి ఎలక్ట్రానిక్సు షాపులో అడిగితే అతను నవ్వాడు. "అరె దీదీ, ఈ పాతరకం తీగలు ఇప్పుడెవరు వాడుతున్నారు? రేపు సాయంత్రానికి తెప్పిస్తాను." రేపు సాయంత్రానికి అన్నీ అయిపోతాయి. నీలిమ ఏడు తీగలూ సంచిలో కుక్కుకుని ఇంటికి బయల్దేరింది.

ధర్మయ్య వరండాలో స్టూలు వేసుకుని ఎవరిదో టేబులు ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఇంకా వెలుతురుంది. కూతురు సంచి బోర్లిస్తే తీగలు చూసి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఏటైనాది? ఊడిపోనాయేటి?"

"ఊడలేదు నాన్నా. బొమ్మ వస్తోంది. కొలత సరిగ్గా రావట్లేదు."

ఆయన మీటరు తెచ్చి, ఒక్కో పిన్నుకీ ముల్లు ఆనించి విన్నాడు. మీటరు కీ అంది, కీ అంది, రెండుచోట్ల మాత్రం పలకలేదు. ఇంకో తీగ తీశాడు. అదే రెండుచోట్ల.

"లోపలి ఈ రెండు సన్నతీగలూ నానే వదిలేసినాను," అన్నాడు. "అవి లేకపోయినా బొమ్మ వచ్చింది. మోటారు తిరిగితే సాలు కదా, ఉత్తి తీగలు అతకడం ఎందుకని కత్తిరించి లోనకి మడిసీసినాను. అవెందుకంట?"

"తెర ఎంత పెద్దదో యంత్రం ఆ తీగలమీద అడుగుతుంది నాన్నా. పాత విండోసుకి ఎప్పుడో ఒకసారి మనం చెప్పి ఉంచాం, అది గుర్తుపెట్టుకుంది. ఈ కొత్తది వెలిగినప్పుడల్లా అడుగుతుంది. అడిగితే జవాబు రాదు, ఏదో ఒక కొలత అనేసుకుంటుంది."

"ఓర్నాయనో!" అన్నాడు ధర్మయ్య. "యంత్రం అడుగుతాదని నాకేటి తెలుసు?" ఒక్క క్షణం నవ్వొచ్చింది ఆయనకి. నవ్వుతూనే సోల్డరు కడ్డీ ప్లగ్గులో పెట్టాడు. అది వేడెక్కేలోపు తీగని ఆ చివర్నించి ఈ చివరిదాకా వేళ్ళతో తడిమి, ఆగాడు.

"బిళ్ళేది?"

ఆయన రెండోది తీశాడు, మూడోది తీశాడు.

"ఒకటైతే ఊడిందనుకుంటాను. ఏడూ ఊడిపోనాయేటే?"

"నేనే తీసేశాను."

"ఎందుకు?"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది స్టార్టవడం లేదు. ధర్మయ్య కడ్డీ కొసమీద సీసం కరిగించి చూసుకున్నాడు. పొగ సన్నగా లేచింది.

"మాట ఎవుడిమీద పడింది?" అన్నాడు, తలెత్తకుండా.

"సతీశ్ అని... చరోదా ఆయన. లినక్స్ వేసింది ఆయనే."

"ఎవుడేసినాడు ఆ మాట?"

"నేనే నాన్నా." చెప్పేశాక ఆపుకోలేకపోయింది. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "నాకు తెలీదు అప్పుడు. తెలీకుండానే అనేశాను. ఇప్పుడు చెప్తే నా పని పోతుంది, మీ పేరూ పోతుంది."

నాన్న తిడితే బాగుణ్ణనిపించింది నీలిమకి. ఆయన ఒక్కో తీగ తల విప్పి, లోనకి మడిచిన ఆ రెండు సన్నటి తీగల్ని గోటితో బయటికి లాగి, కొసలు గీకి, పిన్నులకి అతికాడు. చేతులు కాస్త వణుకుతున్నాయి గాని కడ్డీ కొస పిన్నుమీద ఆనేవేళకి వణుకు ఆగిపోతోంది. అతికినదాన్ని ఊది, మీటరు పెట్టి, కీ అనేదాకా విని, పక్కన పెట్టాడు. ఏడూ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ రెండుసార్లు టీ తెచ్చి, మొహాలు చూసి, గ్లాసులు పెట్టి వెళ్ళింది.

"ఆ బిళ్ళలియ్యి," అని చెయ్యి చాచాడు.

పర్సులోంచి తీసి ఇచ్చింది. పాత తేదీ కింద మేకుతో కొత్త తేదీ పొడిచాడు, ఏడింటికీ. కొత్త రాగితీగ కత్తిరించి ఏడింటినీ కట్టాడు. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి నొక్కాడు.

"బిళ్ళ తీస్తే కట్టినోడే తియ్యాల. మా ప్లాంటులో మేనేజరైనా ముట్టీవోడు కాదు," అన్నాడు. "నా పేరు సంగతి నాను సూసుకుంటాను. నీ మాట సంగతి నువ్వు సూసుకో."

బుధవారం తొమ్మిదింటికల్లా తీగలు బిగించేసింది. ఏడు తెరలూ నిండుగా, అక్షరాలు సన్నగా, పొందిగ్గా వెలిగాయి. రాజాబాబు కొత్త చొక్కా వేసుకొచ్చి పన్నెండు బల్లలూ చూసి, "శభాష్" అన్నాడు. ఆ మాటకి నీలిమ మొహం ఎత్తలేకపోయింది.

రాయ్‌పూర్ నుంచి వచ్చిన అధికారి తక్కువ మాట్లాడే మనిషి. ప్రతి యంత్రాన్నీ ఆపించాడు, వెలిగించమన్నాడు, పరీక్ష ప్రోగ్రాం తెరిపించాడు. మౌసుమీంచి చెయ్యి తీసి గడియారం చూస్తూ నిలబడ్డాడు. అన్నాళ్ళ బతుకులో ఒక్క నిమిషం అంత పొడుగుంటుందని నీలిమ ఎరగదు. ఆయన కదిపాడు. బాణం కదిలింది. పన్నెండూ అయ్యాక కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఫారం తీశాడు.

"సోమవారం తెరలు చెడ్డాయని మీరే ఫొటోలు పంపారు. కారణం ఏమిటో ఇన్‌ఛార్జి రాసి సంతకం పెట్టాలి," అన్నాడు హిందీలో. "టెక్నీషియను తప్పయితే పేరు రాయండి. మా జాబితాలోంచి తీసేస్తాం. ఇంకెక్కడా పని చెయ్యకుండా."

"రాయి," అన్నాడు రాజాబాబు తెలుగులో. "సతీశ్ అని రాసి పారెయ్యి, అయిపోతుంది."

పెన్ను చేతిలోకి వచ్చింది. కిందనుంచి మందులషాపు వాసన వస్తోంది, పన్నెండు యంత్రాల్లోని ఫ్యాన్లూ గుయ్యిమంటున్నాయి. సతీశ్ ఫోను జేబులో టింగుమన్న చప్పుడు గుర్తొచ్చింది, తీసి చూడకుండా దిగిపోయిన అతని వీపూ గుర్తొచ్చింది. నీలిమ వంగి రాయడం మొదలుపెట్టింది. హిందీలో మెల్లగా, తప్పుల్లేకుండా రాసింది. తీగల రిపేరులో రెండు కొసలు అతకలేదు. రిపేరు చేసినది ధర్మయ్య. చేయించినది, టెక్నీషియను తప్పని చూడకుండా చెప్పినది నీలిమ. తెరల విషయంలో టెక్నీషియను సతీశ్ తప్పు లేదు. కింద సంతకం పెట్టి, ఆ కాగితాన్ని తన ఫోనులో ఫొటో తీసుకుంది.

అధికారి చదివాడు, కళ్ళజోడు మీంచి ఒకసారి ఆమెని చూశాడు. "యంత్రాలు ఇప్పుడు బాగున్నాయి కదా, పాస్," అని ముద్ర వేసి వెళ్ళిపోయాడు.

మెట్లమీద ఆయన బూట్ల చప్పుడు ఆగేదాకా ఓపికపట్టాడు రాజాబాబు. "నీకేం పట్టిందే? దెయ్యం పట్టిందా? నిన్నెవరు అడిగారు? గ్రూపంతా నన్ను చూసి నవ్వాలా?"

"గ్రూపులో మీరు రాసింది తీసెయ్యండి సార్. లేకపోతే ఆ కాగితం ఫొటో నా దగ్గరుంది, నేనే పెడతాను." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రాజాబాబు ఆమెని ఎగాదిగా చూశాడు. ఇన్‌ఛార్జి ఫారం లాక్కుని ఆమె పేరుమీద రెండు గీతలు గీశాడు. తర్వాత ఫోను తీసి, గ్రూపులో రాసింది చెరిపేశాడు. ఎంత కోపమున్నా వ్యాపారం తెలిసినవాడు, పరీక్ష ఆదివారమే. "ఆ, సతీశ్ భయ్యా..." అంటూ తేనె పూసిన గొంతుతో బాల్కనీలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చి, "సతీశే ఇన్‌ఛార్జి. అతనొచ్చేదాకా ఉండి, అన్నీ అప్పజెప్పి వెళ్ళు," అన్నాడు, తల తిప్పుకుని.

రెండింటికి సతీశ్ వచ్చాడు. ఆమెకేసి చూడకుండా ఒకటో బల్ల కిందికి వంగి, బిళ్ళ వేళ్ళతో తిప్పి చూసి, అతుకు పరీక్షించి లేచాడు.

"గలతీ నాది భయ్యా. చూడకుండా అన్నాను. మాఫ్ చెయ్యండి," అంది నీలిమ.

సతీశ్ కుర్చీ లాక్కుని మౌసుమీంచి చెయ్యి తీసి కూర్చున్నాడు. చాలాసేపు ఊరుకుని కదిపాడు. బాణం కదిలింది. ఇంకో యంత్రం దగ్గరికి వెళ్ళి అలాగే చేశాడు. నొసలు ముడిపడింది.

"ఆ ప్రోగ్రాం తీసినా మౌసుకి నిద్ర వదలదు. సోమవారం ఇంటికెళ్ళి నా లాప్‌టాప్‌మీద రెండు రోజులు కొట్టుకున్నాను," అన్నాడు. "నాకు రాలేదు దీదీ. ఎవరు చేశారిది?"

"నేనే."

సతీశ్ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "మరి బిళ్ళ లేదేం?"

వెక్కిరింతో, నిజంగా అడిగాడో తెలియలేదు. సంచిలో, నిన్న తీగలతోపాటు పడిపోయిందో, నాన్న కావాలనే వేశాడో, ఖాళీ రేకుబిళ్ళ ఒకటీ రాగితీగ ముక్క ఒకటీ ఉన్నాయి. నీలిమ బల్లమీద బిళ్ళ పెట్టి, కంపాసు ముల్లుతో చుక్క పక్కన చుక్క పొడుస్తూ పోయింది. తన పేరు, కింద మంగళవారం తేదీ. రాజాబాబు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. చూడనియ్యి అనుకుంది.

మొదటి యంత్రం వెనక్కి వంగి, మౌసు తీగకి బిళ్ళ కట్టింది. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి నొక్కి, వేలితో తడిమి చూసింది. ఎక్కడా గుచ్చుకోవడం లేదు. సంచి భుజాన వేసుకుని, తాళాలగుత్తి సతీశ్ చేతిలో పెట్టింది.